మూడో మరియ తర్వాత

పద్నాలుగు నెలల తర్వాత
మళ్ళీ ఆ రబ్బరు దుస్తుల్లో దూరాను.
నడుము దగ్గర కాస్త బిగుతు.
ఎడమ తుంటిలో డాక్టరు బిగించిన మూడు మరలు
నాకంటే ముందే చలికి మేలుకున్నాయి.

గలీసియా తీరం. నవంబరు. ఇంకా తెల్లవారలేదు.
పెనెడో నెగ్రో బండ కింద
సముద్రం ఎవర్నో తిడుతోంది.
నన్నే అనుకున్నాను.

పెర్సెబెలు ఒడ్డున దొరకవు.
కెరటం ఎక్కడ ఒళ్ళు తెలియకుండా కొడుతుందో
అక్కడే, ఆ పగుళ్ళలోనే
మేక గిట్టల్లా గుత్తులుగా పుట్టుకొస్తాయి.
నిదానపు నీళ్ళలో పెరిగినవి
పీలగా, నీరుకారి ఉంటాయి. వాటికి ధర రాదు.
ఈ సంగతి బడిలో ఎవరూ చెప్పలేదు.
వేలంపాటలో తక్కెడ చెప్పింది.

పోయినేడు ఇక్కడే,
జారిన సంచి కోసం
ఒక్క క్షణం నీటికి వెన్ను చూపాను.
అంతే.
తర్వాత గుర్తున్నది హెలికాప్టరు రొద,
నోటి నిండా ఉప్పు.

ఆ పైన అందరూ మంచివాళ్ళయిపోయారు.
"డబ్బాల ఫ్యాక్టరీలో చేపలు సర్దే పని ఉంది, దోరిందా"
అన్నాడు మా అన్న సెవెరినో.
"దేవుడు ఒకసారి వదిలిపెట్టాడు, రెండోసారి అడగకు"
అన్నాడు చర్చి పెద్దాయన.
నేను నీళ్ళు నమిలాను,
అంతకుముందు తాగినవి చాలనట్టు.

నిజానికి నాకు సముద్రమంటే భయం కాదు.
నా కాళ్ళంటే భయం పట్టుకుంది.
మెట్లు దిగాలంటే గోడ తడిమేదాన్ని.
వానకు తడిసిన వీధి దాటాలంటే
తోడెవరైనా వస్తారేమోనని నిలబడేదాన్ని.
తన అడుగును తనే నమ్మని మనిషి
మునగడానికి సముద్రమెందుకు,
వంటింట్లో ఒలికిన చెంబుడు నీళ్ళు చాలు.

ఒబ్దూలియాకు డెబ్భై ఒకటి.
ముప్పై ఏళ్ళు ఈ బండల్ని గీకి
ఇప్పుడు పైన కూచుని తాడు పట్టుకుంటుంది.
కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.
భయం పోవాలంటే ఏం చెయ్యాలని ఆమెనే అడిగాను.
ముక్కు చీదుకుని,
"పోనియ్యకు. కెరటాల్ని లెక్కపెట్టేది అదే.
నీ కళ్ళు దానికియ్యి.
చేతులు మాత్రం ఇయ్యకు" అంది.

పెద్ద కెరటాలు మూడేసి వస్తాయిక్కడ.
మూడు మరియలని వాటికి పేరు.
మొదటిది తట్టి చూస్తుంది.
రెండోది పాత బాకీ అడుగుతుంది.
మూడోదానికి మాటలుండవు.
అది వెనక్కి తగ్గాకే
ఒక ఊపిరంత ఖాళీ.
మా అమ్మ ఆ ఖాళీలోనే సిలువ గీసుకునేది.
నేనూ గీసుకున్నాను.
ఆమెలా కళ్ళు మూసుకుని కాదు,
ఇంటి తాళంచెవి ఉందో లేదో
జేబు తడుముకున్నట్టు.

ఒకటి.
రెండు.
మూడు.

దిగాను.
రాయి కరుకుగా, చల్లగా,
అలిగిన చుట్టంలా ఉంది.
గీకుడు కత్తి మొదటి పోటుకే
నాలుగు లావుపాటి గిట్టలు అరచేతిలో పడ్డాయి.
మోకాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.
వణికే మోకాళ్ళ మీద కూడా నిలబడొచ్చని
నలభై ఆరేళ్ళొచ్చినా తెలియదు నాకు.

సంచి సగం నిండింది.
అప్పుడొచ్చింది, లెక్కలో లేనిది.
నాలుగోదో, ఎవరి మరియో.
తాడు మీద మూడువేళ్ళ లాగుడు.
దాన్ని నేను నిద్రలోనైనా గుర్తుపడతాను.
సంచి పోతోంది. పోనిచ్చాను.
నీటినే చూస్తూ,
భుజం రాతికి ఆన్చి,
పగుల్లో వేళ్ళు దూర్చి,
ఊపిరి బిగబట్టాను.

అది నా తలమీదుగా వెళ్ళిపోయింది.
నేను వెళ్ళలేదు.

పైకొచ్చేసరికి ఒట్టి చేతులు.
పొద్దుటి కష్టమంతా గంగపాలు.
"తూకమెంత?" అంది ఒబ్దూలియా, తాడు చుడుతూ.
"అరవై నాలుగు కిలోలు," అన్నాను,
"తడిబట్టలతో కలిపి."

ఆమె నవ్వలేదు.
చంకలోంచి ఇంకో సంచి తీసి
నా మొహాన విసిరింది.
పోటెక్కడానికి
ఇంకా నలభై నిమిషాలుంది.